ఇరుక్కుపోయిన కవాటము: ఒక బావి ఇంజను చరిత్ర

వరంగల్‌కు తూర్పున, పాకాల చెరువు దిక్కుగా పోయే దారిలో ఒక పల్లె ఉన్నది. మా కళాశాలలో భౌతికశాస్త్రము చదివే ఒక విద్యార్థి ఆ ఊరివాడు. ఒక యాసంగి కాలంలో అతడు నా వద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసినాడు. "సార్, మా బాయికాడి ఇంజను చేతితోటి తిప్పితే అల్కగ తిరుగుతున్నది. కాని అంటుకుంటలేదు. ఎందుకు?"

వారి పొలము దగ్గరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి నాలుగు దినాలైనది. వరి పొట్టకు వచ్చినది. బావిలో నీరున్నది కాని తోడే దారి లేదు. కొట్టంలో అతని తాత 1970లలో కొన్న ఆయిలింజను ఒకటి మిగిలి ఉన్నది. పదిహేనేండ్లుగా దానిని ఎవరూ ముట్టలేదు. పంపును, బెల్టును బాగుచేసుకొన్నారు కాని, ఇంజను మాత్రము పలుకలేదు. ఆ ఆదివారము నేనును ఆ పల్లెకు పోయినాను.

నేను పోయేసరికి అక్కడ డెబ్బయి ఏండ్లు దాటిన ఒక ఇంజను మిస్త్రి కూర్చొని ఉన్నాడు. విద్యార్థి అన్న సుత్తె ఎత్తినాడు. మిస్త్రి అతని చెయ్యి పట్టుకొన్నాడు. "కొట్టకు బిడ్డా. అది చెడిపోలేదు, పట్టుకున్నది. పట్టుకున్నదాన్ని నానబెట్టి ఇడిపించాలె."

పట్టుకొన్నది ఇంజను తలలోని ఒక కవాటము, అనగా వాల్వు. ఆ కవాటము ఎట్లా పుట్టినది, మన బావి గట్టుకు ఎట్లా వచ్చినది, ఎందుకు ఇరుక్కొన్నది, దానిని విడిపించడంలో ఏ శాస్త్రము ఇమిడి ఉన్నది అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకొందాము.

కవాటము అనగా తలుపు

సంస్కృతంలో కవాటము అంటే తలుపు. ఒకవైపు పోనిచ్చి, మరొకవైపు ఆపే తలుపు ఎక్కడ ఉన్నా దానికి ఈ పేరు చెల్లుతుంది. మన గుండెలో ఇటువంటి తలుపులు నాలుగు ఉన్నవి. కమ్మరి కొలిమి తిత్తిలో తోలు రెక్క ఒకటి ఉంటుంది. తిత్తిని పైకి లేపినపుడు ఆ రెక్క తెరచుకొని గాలి లోనికి వస్తుంది. నొక్కినపుడు మూసుకొని గాలిని నిప్పులవైపు పంపుతుంది. ఇది మన పల్లెలన్నింటికి తెలిసిన అతి ప్రాచీనమైన కవాటము. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరవాసి క్టెసిబియస్ కవాటాలు అమర్చిన నీటి పంపును నిర్మించినాడు.

తోలు రెక్క చల్లని గాలికి, నీటికి సరిపోయినది. మంట తగిలే చోట అది నిలువదు. అంతర్దహన యంత్రము పుట్టినపుడు ఈ సమస్య ఎదురైనది. 1876లో జర్మనీలో నికొలౌస్ ఆటో నాలుగు ఘాతముల ఇంజనును నడిపినాడు. గాలిని, ఇంధనాన్ని పీల్చడము, నొక్కడము, మండి నెట్టడము, పొగను వెళ్లగొట్టడము అనేవి ఆ నాలుగు ఘాతాలు. పీల్చుకొనే ద్వారానికి అతడు ఆవిరి యంత్రాలలో వలె జారుడు పలకను కవాటముగా వాడినాడు. రెండు చదునైన ముఖాలు ఒకదానిపై ఒకటి జారుతూ ద్వారాన్ని తెరవడము, మూయడము దాని పని. వేడి, పీడనము పెరిగిన కొద్దీ ఆ ముఖాల మధ్య నూనె నిలువలేదు. రాపిడి ఎక్కువైనది.

చివరకు స్థిరపడినది పుట్టగొడుగు ఆకారముగల కవాటము. దానికి గుండ్రని తల, సన్నని కాడ ఉంటవి. తల అంచు ఏటవాలుగా చెక్కబడి, అదే వాలుగల సీటు మీద కూర్చొంటుంది. కాడ గైడు అనే గొట్టంలో పైకి కిందికి కదులుతుంది. స్ప్రింగు దానిని మూసి ఉంచుతుంది. తెరవవలసిన క్షణంలో రాకరు అనే చిన్న తులాదండము కాడ కొసను నొక్కుతుంది. ఈ అమరికలో ఒక గొప్ప సౌకర్యమున్నది. సిలిండరులో పీడనము పెరిగిన కొద్దీ అదే పీడనము కవాటాన్ని సీటుకు మరింత గట్టిగా అదుముతుంది. అంటే ఆపవలసిన బలమే తలుపును బిగిస్తున్నదన్న మాట. నూటయేబది ఏండ్లు గడచినా ఈ ఆకారము మారకపోవడానికి ముఖ్యకారణమిదే.

అయితే జారుడు పలకతో వచ్చిన ఇబ్బంది పూర్తిగా తొలగలేదు. అది గైడులోనికి మారినది. కాడ గైడులో జారక తప్పదు. అక్కడ నూనె కావలెను. కాని నూనె ఎక్కువైతే కాలి మసి అవుతుంది, తక్కువైతే లోహాలు రాసుకొంటవి.

ఆయిలింజను పుట్టుక

ఆటో ఇంజను పట్టణపు గ్యాసుతో నడిచేది. పల్లెకు గ్యాసు గొట్టాలు లేవు కనుక ద్రవ ఇంధనంతో నడిచే ఇంజను అవసరమైనది. 1890లో ఇంగ్లండుకు చెందిన హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ ఒక ఉపాయానికి పేటెంటు పొందినాడు. సిలిండరుకు తగిలించిన ఒక బుడ్డిని ముందుగా దీపంతో ఎర్రగా కాల్చవలెను. ఇంజను నడిచిన తరువాత ఆ బుడ్డి తన వేడితో తానే నూనెను మండిస్తుంది. గ్రాంథమ్ పట్టణంలోని హార్న్‌స్బీ కంపెనీ ఈ ఇంజన్లను తయారుచేసి దేశదేశాలకు పంపినది.

రుడాల్ఫ్ డీజిల్ మరొక మార్గము తొక్కినాడు. బుడ్డి అక్కరలేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడి చాలునన్నాడు. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును పరీక్షకు నిలిపినాడు. ఇంధనంలోని శక్తిలో సుమారు 26 శాతము పనిగా మారినది. ఆనాటి ఆవిరి యంత్రాలకు ఇది అందని సంఖ్య.

విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. 30 డిగ్రీల సెంటిగ్రేడు గాలిని, వేడి బయటికి పోనీయక, 16వ వంతు చోటులోనికి నొక్కితే దాని ఉష్ణోగ్రత సిద్ధాంతరీత్యా 640 డిగ్రీలు దాటుతుంది. నిజమైన ఇంజనులో కొంత వేడి గోడలలోనికి పోతుంది. అయినా డీజిలు తనంతట తాను అంటుకొనడానికి మిగిలినది చాలును. ఇక కవాటము కొద్దిగా తెరచి ఉన్నదనుకోండి. గాలి తప్పించుకొంటుంది, పీడనము పుట్టదు, వేడి పుట్టదు, ఎంత నూనె చిమ్మినా మంట లేచే ప్రశ్నే లేదు. ఇంజను "అల్కగ" తిరుగుతున్నదని విద్యార్థి చెప్పిన మాటలోనే జబ్బు బయటపడినది. మంచి డీజిలింజను చేతికి అల్కగా తిరుగదు. సంపీడన ఘాతంలో ఎదురుతన్నుతుంది.

మన వేరుశనగకు కూడా ఈ చరిత్రలో చోటున్నది. 1900 నాటి ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలింజనును వేరుశనగ నూనెతో నడిపినారు. ఇంజను సాఫీగానే నడిచినదని డీజిల్ తరువాత తన ఉపన్యాసంలో చెప్పినాడు. అయితే వంటనూనెలు వేడికి, గాలికి చిక్కబడి జిగురు కడతవి. చాలాకాలము వాడిన మూకుడు అంచు చూచినవారికి ఈ సంగతి తెలియును. ఈ జిగురు మాట పాఠకులు గుర్తుంచుకోవలెను. కవాటము కథలో ఇది మళ్లీ వస్తుంది.

1930 ప్రాంతంలో ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ ఒక ఇంజనును విడుదల చేసినది. ఒకే సిలిండరు, రెండు పెద్ద చక్రాలు, నిమిషానికి 600 భ్రమణాలు, 5 అశ్వశక్తులు. తొందరలేని ఆ ఇంజను అర్ధశతాబ్దికి పైగా తయారైనది. మన దేశంలో గుజరాతులోని రాజ్‌కోట్ పట్టణపు చిన్న కర్మాగారాలు దానికి నకళ్లు పోసి ఊరూరికి పంపినవి. నేను ఆ పల్లెలో చూచిన ఇంజను ఆ జాతిదే.

మన బావి గట్టుకు

ఓరుగల్లు సీమ చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలము నుండి పొలాలను తడుపుతున్నవి. చెరువు నీరు పల్లానికి తానే పారుతుంది. చెరువుకు మీద ఉన్న చెల్క భూములకు మాత్రము బావి తప్ప దిక్కులేదు. బావి నీటిని పైకి తెచ్చినది మోట. తోలు బొక్కెన, దానికి తొండము, మోకు, గిలక, జత ఎద్దులు, ఒక మనిషి. ఎద్దులు ఏటవాలు దారిలో దిగితే బొక్కెన లేచేది, వెనుకకు నడిస్తే బొక్కెన దిగేది. తెల్లవారుజామున మొదలుపెట్టి పొద్దెక్కేవరకు కొట్టినా కొద్ది మళ్లే తడిసేవి.

ఎద్దులు చేసే పనిని ఇంజను చేత చేయించవచ్చునని దక్షిణదేశంలో పట్టుదలతో చూపినవారిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ ముఖ్యుడు. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసిన ఈయన 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో మద్రాసు ప్రెసిడెన్సీలో నూనె ఇంజన్లతో బావి నీరు తోడించి, లెక్కలు కట్టి, రైతులకు చూపినాడు. అప్పటికి తెలంగాణము నిజాము రాజ్యంలో ఉన్నది. ఇక్కడ చాలా బావులలో మోట ఇంకా దీర్ఘకాలము నడిచినది. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ ఏర్పడినది. స్వాతంత్ర్యము తరువాత దేశంలో తయారైన ఇంజన్లు పల్లెలకు రావడము పెరిగినది. 1960ల చివర అధిక దిగుబడి వరి వంగడాలు వచ్చినవి. వాటికి వేళకు నీరు అందవలెను కనుక బావి ఇంజనుకు గిరాకి హెచ్చినది.

ఎంత మార్పు వచ్చినదో లెక్క వేయవచ్చును. ఒక లీటరు నీటిని సెకనులో 10 మీటర్లు ఎత్తడానికి సుమారు 98 వాట్లు కావలెను. 5 అశ్వశక్తులనగా సుమారు 3,730 వాట్లు. పంపులోను, గొట్టాలలోను సగము శక్తి వృథాయైనదనుకొన్నా సెకనుకు 19 లీటర్ల నీరు వస్తుంది. ఎద్దులు అలసిపోతవి, ఇంజను అలసిపోదు.

అయితే పంపుకు ఒక హద్దు ఉన్నది. నీటిని పంపు లాగదు, వాయుపీడనము కింది నుండి నెడుతుంది. ఆ పీడనము సుమారు 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని మాత్రమే నిలుపగలదు. ఆచరణలో 6, 7 మీటర్లు దాటితే పంపు నీరు పట్టదు. నీరు లోతుకు పోయినపుడు రైతులు బావిలోనే మెట్టు కట్టి ఇంజనును దించినారు. దీనివలన ఘోరాలు జరిగినవి. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని బావిలో అది నిలిచిపోయి, ఇంజను ఆపడానికి దిగినవారిని, వారిని కాపాడబోయినవారిని కూడా బలిగొన్న సందర్భాలున్నవి. ఉపాధ్యాయులు ఈ సంగతిని పిల్లలకు తప్పక చెప్పవలెను.

ఇంజను మూగబోయినది

1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తరువాత పల్లెలకు, బావులకు కరెంటు వేగంగా వచ్చినది. మోటారుకు డీజిలు కొననక్కరలేదు, హ్యాండిలు తిప్పనక్కరలేదు, దానిలో మంట లేదు, మంటను ఆపే కవాటమూ లేదు. బావి ఇంజను కొట్టంలోనికి పోయి, కరెంటు లేనప్పటి ఆసరాగా మిగిలినది. ఆ తరువాత బోర్లు వచ్చినవి. ఊరంతా బోర్లు వేసి తోడితే నీటిమట్టము వాయుపీడనపు హద్దును దాటి ఎంతో కిందికి పోయినది. నీటిలో మునిగి ఉండి నెట్టే సబ్‌మెర్సిబుల్ మోటారు తప్ప వేరొకటి అక్కడ పనిచేయదు. గట్టు మీది ఇంజనుకు ఆసరా పని కూడా లేకపోయినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వడము మొదలైన తరువాత అనేక ఇంజన్లు తూకానికి పోయినవి.

మా విద్యార్థి పొలంలో మాత్రము పాత బావి పూడలేదు. పైనున్న చెరువును 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులలో పూడిక తీసినారు. చెరువు నిండిన ఏండ్లలో బావి నీరు మళ్లీ చేతికందే ఎత్తుకు వస్తున్నది. నీరు తిరిగి వచ్చినది కాని, తోడవలసిన ఇంజను కవాటము ఇరుక్కొని ఉన్నది.

మూడు పట్టీలు

ఆ కవాటాన్ని మిస్త్రి తరువాత ఊడదీసి, నా చేతిలో పెట్టినాడు. అది పొగ పోయే ద్వారపు కవాటము. కాడ పొడవునా మూడు రంగుల పట్టీలు కనిపించినవి. కొస దగ్గర తేనెరంగు, నడుమ ఎరుపు, తల దగ్గర నలుపు.

నల్లని పట్టీ మసి. పొగ కవాటము ఇంజనులో అత్యంత కష్టజీవి. నిమిషానికి 650 భ్రమణాలు చేసే ఇంజనులో అది నిమిషానికి 325 సార్లు, ఎనిమిది గంటల పనిలో 1,56,000 సార్లు తెరచుకొని మూసుకొంటుంది. నిండు భారంతో నడిచే ఇంజన్లలో దాని తల 600 డిగ్రీలకు మించి వేడెక్కుతుంది. అంత వేడిలో మసి ఎక్కువగా నిలువదు, కాలిపోతుంది. ఆశ్చర్యమేమంటే, మసి పేరుకొనేది ఇంజను చల్లగా నడిచినపుడు. మన రైతులు పంపు నుండి వచ్చే చల్లని బావి నీటినే ఒక సన్న గొట్టంతో ఇంజను చుట్టూ పారించేవారు. నీటికి కొదువ లేదు, వేరే తొట్టి ఖర్చు లేదు. కాని సిలిండరు గోడలు అవసరానికి మించి చల్లబడేవి. నూనె సగమే కాలి, మిగిలినది మసిగా, తారుగా కాడకు అంటుకొనేది. ఇంజనుకు మేలు చేస్తున్నామనుకొని పోసిన చల్లని నీరే దాని గొంతుకు అడ్డమైనది.

తేనెరంగు పట్టీ జిగురు. పైనుండి వేసే కందెన నూనె వేడికి ఆక్సిజనుతో కలిసి, చిక్కబడి, వార్నిషు వలె గట్టిపడుతుంది. మూకుడు అంచుమీది జిగురుకు ఇది దగ్గరి చుట్టము. ఈ జిగురు 1930లలో అమెరికాలోని క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ల డీజిలింజన్లలో పిస్టను రింగులను పట్టివేసినది. నూనె శాస్త్రజ్ఞులు దానికి విరుగుడు వెదకి, సబ్బు స్వభావముగల లోహ లవణాలను నూనెలో కలిపినారు. బట్టల మురికిని సబ్బు ఎట్లా విడదీసి నీటిలో తేలుస్తుందో, ఆ లవణాలు మసిని, జిగురును అట్లే నూనెలో తేలుస్తవి. 1935 ప్రాంతంలో ఇటువంటి నూనెలు అంగడికి వచ్చినవి. ఇంజనులో పోసిన నూనె కొద్ది గంటలకే నల్లబడితే అది చెడిపోయినదని కొందరు భయపడతారు. నిజానికి అది మురికిని పట్టుకొన్నదన్న మాట. ఇరుక్కుపోయిన ఒక భాగము మూలంగా ఒక కొత్త శాస్త్రశాఖ పెరిగినది.

ఎర్రని పట్టీ తుప్పు. ఇది నడిచిన కాలానిది కాదు, నడవని కాలానిది. పొగగొట్టము ఆకాశంవైపు నోరు తెరచి ఉంటుంది. దానిపై బోర్లించిన డబ్బా ఎన్నడో తుప్పుపట్టి రాలిపోయినది. వానచుక్కలు గొట్టంలో దిగి, పొగ ద్వారంలో చేరి, కాడను తడిపినవి. పాత డీజిలులో గంధకము ఎక్కువగా ఉండేది. ఆ పొగ మిగిల్చిన మసిలో తేమ చేరితే ఆమ్లము పుడుతుంది, తుప్పు త్వరపడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో అమ్మే డీజిలులో గంధకము పది లక్షల భాగాలకు 10 భాగాలకు తగ్గించబడినది కాని, ఈ ఇంజను చివరిగా తాగినది పాత డీజిలునే.

తుప్పు చేసే పట్టు ఎంత బలమైనదో చూడండి. కాడకు, గైడుకు మధ్య చుట్టూ ఉండే సందు మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు అనుకొందాము. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణము రెండింతలకు మించుతుంది. కాడమీద, గైడు లోపల కలిపి మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు ఇనుము తుప్పుపడితే చాలును, సందంతా నిండిపోతుంది. ఆపై ఏ మాత్రము పెరిగినా అది మేకు కొట్టినట్లు బిగుస్తుంది.

ఈ మూడు పట్టీలను చదివితే ఇంజను బ్రతుకంతా తెలుస్తుంది. నలుపు బావి నిండుగా ఉన్న కాలము, తేనెరంగు రైతు కందెన పోసి కాపాడుకొన్న కాలము, ఎరుపు కరెంటు వచ్చి, నీరు దిగిపోయి, ఇంజనును మరచిన కాలము.

విడిపించిన తీరు

మిస్త్రి యవ్వనంలో ఒక మిల్లు ఫిట్టరు వద్ద పని నేర్చినాడట. అతడు చేసిన ప్రతి పనికి ఒక శాస్త్ర కారణమున్నది. వరుసగా చెబుతాను.

మొదట డీజిలు కుళాయి మూసినాడు, పని నడుమ ఇంజను అకస్మాత్తుగా అంటుకొనకుండా. రాకర్లను, వాటిని నెట్టే పుష్‌రాడ్లను తీసివేసినాడు. కాడ కదలకుండా ఉండగా చక్రాన్ని బలవంతంగా తిప్పితే పుష్‌రాడు వంగుతుంది. రెండు కవాటాల కొసలను పోల్చి చూచినాడు. ఒకటి మరొకదానికన్న వ్రేలి మందము కిందికి ఉన్నది. అనగా అది తెరచినచోటనే నిలిచిపోయినది. చక్రము తిప్పి పిస్టనును అడుగుకు దించినాడు. కవాటము కిందికి కదిలితే పిస్టనుకు తగిలి తల వంగకుండా ఉండడానికి ఈ జాగ్రత్త.

తరువాత సన్న బ్రష్షుతో పైమట్టిని తుడిచి, మన పల్లెలలో గ్యాసునూనె అనే కిరసనాయిలును, పలుచని ఇంజనాయిలును సమంగా కలిపి, కాడ గైడులోనికి దిగేచోట చుక్కచుక్కగా పోసినాడు. సాయంత్రము ఒకసారి, రాత్రి పండుకొనేముందు ఒకసారి. కిరసనాయిలుకు చిక్కదనము తక్కువ, లోహాన్ని తడిపే గుణము ఎక్కువ. దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు సన్నని సందులలోనికి అది తానే పాకుతుంది. దీనినే కేశనాళికీయత అంటాము. సందు ఎంత సన్నమైతే ఈ పాకుడు బలము అంత ఎక్కువ. కాని సన్నని సందులో ద్రవము చాలా మెల్లగా కదులుతుంది. కనుక రాత్రి అంతా ఆగవలెను. విద్యార్థి అన్నకు ఈ ఆగడమే కష్టమైనది. ఎండుతున్న వరి కళ్లముందున్నది. "ఇప్పుడు కొట్టితే పుల్ల ఇరుగుతది. ఇరిగితే ఈ యాసంగికి నీళ్లు లేవు. ఒక్క రాత్రి ఓర్సుకో" అన్నాడు మిస్త్రి.

తెల్లవారి కాగిన నీళ్లు తెప్పించి, ఇంజను చుట్టూ నీరు పారే ఖాళీలో పోయించినాడు. కిరసనాయిలు ఉన్నచోట మంట పెట్టరాదు కనుక వేడినీరే మేలు. గైడు చుట్టూ ఉన్న లోహము వేడెక్కి వ్యాకోచించినది. కాడ ఇంకా చల్లగానే ఉన్నది. ఈ తేడా మిల్లీమీటరులో వందవ వంతుకన్న తక్కువే కావచ్చును. అయినా పెళుసైన తుప్పు పొరను పగులగొట్టడానికి అది సాయపడుతుంది. పగిలిన సందులలోనికి నూనె దిగుతుంది. వేడిచేయడము, ఆరనీయడము, నూనె పోయడము మూడుసార్లు జరిగినవి.

అప్పుడు సుత్తె పట్టినాడు. కాని ఇనుము మీద ఇనుము కొట్టలేదు. కొసపై ఇత్తడి కడ్డీ ఆనించి, తలుపు తట్టినంత నెమ్మదిగా తట్టినాడు. కొసను పానాతో పట్టి అటు కొంచెము, ఇటు కొంచెము తిప్పినాడు. మొదటి కదలిక వెంట్రుకవాసి. వెంటనే ఆపి మళ్లీ నూనె పోసినాడు. కిందికి కొంత, పైకి కొంత. ప్రతిసారి నూనె ఎర్రగా, బురదగా బయటికి వచ్చినది. గంటన్నరకు స్ప్రింగు తన బలంతో కాడను లాగుకొన్నది. "టప్" మని కవాటము సీటుమీద కూర్చొన్నది. ఆ చప్పుడు విన్నవారందరి ముఖాలు విప్పారినవి.

రాకర్లు బిగించి, పాత నూనె తీసి కొత్తది పోసి, గొట్టాలలోని గాలిని వెళ్లగొట్టి, హ్యాండిలు వేసినారు. ఈ ఇంజను మీద పొగ కవాటాన్ని కావాలని తెరచి ఉంచే ఒక మీట ఉంటుంది. దానిని ఎత్తితే చక్రము తేలికగా తిరుగుతుంది. వేగము అందిన తరువాత మీట వదలితే కవాటము మూసుకొని సంపీడనము మొదలవుతుంది. ఇరుక్కొని తెరచి ఉంటే జబ్బు, అదే తెరచి ఉండడము మన చేతిలో ఉంటే సాధనము. మీట వదలగానే చక్రము ఒక్కసారి బిగిసినది, నల్లని పొగ ఒక గుప్పెడు లేచినది, ఇంజను పలికినది. పది నిమిషాలకు కాలువలో నీరు పారినది.

పంట కోసిన తరువాత ఇంజను తలను ఊడదీసి, కాడను శుభ్రపరచి, సన్నని రాపిడి పేస్టుతో కవాటాన్ని సీటుమీద అటూ ఇటూ తిప్పి నూరినారు. మూసిన కవాటము వెనుక కిరసనాయిలు పోసి, కాసేపటికి అవతల తడి రాలేదని చూచుకొన్నారు. ఆ దినమే నేను మూడు పట్టీలను చూచినాను. పొగగొట్టానికి కొత్త డబ్బా బోర్లించినారు. ఇంజను ఆపినపుడు చక్రాన్ని చేతితో తిప్పి, అది ఎదురుతన్నే చోట వదలవలెనని మిస్త్రి నేర్పినాడు. ఆ చోట రెండు కవాటాలును మూసి ఉంటవి. వాన దిగినా సిలిండరులోనికి పోదు. నెలకొకసారి ఇంజనును కాసేపు నడపమన్నాడు.

పాఠశాలలకు ఒక మాట

ఇందులో కొత్త సిద్ధాంతము ఏదీ లేదు. కేశనాళికీయత, వ్యాకోచము, ఆక్సీకరణము, వాయుపీడనము, సంపీడనము వలన వేడి పుట్టడము, ఇవన్నీ ఉన్నత పాఠశాల పుస్తకాలలో ఉన్నవే. వాటిని మనము వేరు వేరు అధ్యాయాలుగా చెబుతున్నాము. ఒక కొట్టంలోని ఇంజను తలలో అవన్నీ ఒకేచోట కూడి ఉన్నవి. మిస్త్రి వద్ద వాటి పేర్లు లేవు, పని ఉన్నది. మన వద్ద పేర్లు ఉన్నవి. రెండు చోట్లా ఉన్నది ఒకే జ్ఞానము. కాని ఇంజన్లు తూకానికి పోతున్న కొద్దీ మిస్త్రి వద్దనున్న భాగము అతనితోనే పోతున్నది.

ఉపాధ్యాయులు తమ ఊరిలో ఇటువంటి ఇంజను ఇంకా మిగిలి ఉంటే విద్యార్థులను తీసుకొనిపోయి చూపవలెను. దానిని బాగుచేయగల పెద్దలెవరైనా ఉంటే, వారు చెప్పినది విద్యార్థుల చేత వ్రాయించవలెను. ఏ సంవత్సరంలో కొన్నారు, ఏ ఎత్తు నుండి నీరు తోడినది, ఎప్పుడు మూలపడినది అనే మూడు ప్రశ్నలకు జవాబులు రాబట్టినా ఆ ఊరి నీటి చరిత్ర సగము తెలుస్తుంది.

మా విద్యార్థి ఆ నెలలో ఒక నోటుపుస్తకము తెరచినాడు. మొదటి పుటలో మిస్త్రి చెప్పిన పనులను వరుసగా వ్రాసి, ఎదుటి పుటలో ఒక్కొక్కదానికి తన పాఠ్యపుస్తకంలోని సూత్రము చేర్చినాడు. రెండు గడులు మాత్రము ఖాళీగా మిగిలినవి. వాటి సంగతి అడగడానికి మళ్లీ మిస్త్రి ఇంటికి పోతున్నానని చెప్పినాడు.